నీళ్లు చూసుకుని బయల్దేరండి
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలి మొదలయ్యేసరికి మాకొచ్చే ఉత్తరాల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: పొద్దున బయల్దేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరాలి, మధ్యలో కాస్త నీళ్లు, చెట్లు, పిట్టలు కనపడాలి, ఎక్కడికి వెళ్లమంటారు? బెజవాడ, గుంటూరు వాళ్లకి అలాంటి చోట్లకు కరువు లేదు. వెళ్లినవాళ్లు నిరాశగా తిరిగొస్తున్నారంటే చాలాసార్లు కారణం ఒకటే, నీళ్ల సంగతి కనుక్కోకపోవడం. కొల్లేట్లో పక్షులైనా, కృష్ణలో పడవైనా, హంసలదీవి దగ్గర మడ అడవైనా, ఏ రోజు ఏ గంటకు ఏం కనపడుతుందో తేల్చేది నీటి మట్టమే.

ప్రశ్న: పోయిన మే నెల్లో పిల్లల్ని తీసుకుని కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లాం. చేరేసరికి పదకొండయింది. ఎండ, బురద, నాలుగు కొంగలు. పేపర్లో ఫొటోలు వేసిన ఆ వేల పక్షులు ఎక్కడికి పోయాయండీ?
— సత్యనారాయణపురం, విజయవాడ

మీరు వెళ్లిన నెలా తప్పే, వేళా తప్పే. పక్షులు మాత్రం వాటి లెక్క ప్రకారమే ఉన్నాయి. ఆటపాకలో ముఖ్యంగా చూడాల్సింది గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు. వానాకాలం నీళ్లు తగ్గుముఖం పట్టాక చేపలు లోతు తక్కువ నీళ్లలో గుమిగూడతాయి. పిల్లలకు తిండి దండిగా దొరికే కాలం అదే కాబట్టి పక్షులు అక్టోబరు, నవంబరుల్లో గూళ్లు మొదలుపెడతాయి. గూడబాతు గుడ్డు పొదగడానికి నెల పడుతుంది, పిల్ల రెక్కలొచ్చి ఎగరడానికి మరో మూడు నెలలు. మార్చి దాటేసరికి పని ముగించుకుని వెళ్లిపోతాయి. మే నెల్లో మీరు చూసింది ఖాళీ చేసిన ఇల్లు.

ఒక్కసారే వెళ్లగలమంటే డిసెంబరు రెండో వారం నుంచి జనవరి చివరిలోపు వెళ్లండి. అప్పుడు గుడ్లు పొదిగేవీ, నూగు పిల్లలూ, రెక్కలు ఆడించి చూసుకునే పెద్ద పిల్లలూ ఒకేసారి కనిపిస్తాయి. నీళ్ల మీద వలస బాతులూ ఉంటాయి. సంక్రాంతి మూడు రోజులు మాత్రం వద్దు, జనం రద్దీలో ఏమీ చూడలేరు.

వేళ ఇంకా ముఖ్యం. విజయవాడ నుంచి గుడివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు 75 కిలోమీటర్ల పైచిలుకు, కారులో రెండు గంటలు. తెల్లారగట్ల నాలుగున్నరకు కదిలితే వెలుగు వచ్చేసరికి గట్టు మీద ఉంటారు. బస్సులో అయితే గుడివాడ మీదుగా వెళ్లే భీమవరం బస్సులు కైకలూరులో ఆగుతాయి, రైలు స్టేషన్ కూడా ఉంది. ఊళ్లోంచి ఆటపాకకు ఆటో చాలు. పడవ ఎప్పుడు కదులుతుందా అని టికెట్ల దగ్గర కాచుకుని కూర్చోకండి. ఎండ పడకముందు గట్టు మీద నుంచి చూసే గంటన్నరే ఆ రోజుకి అసలైన సమయం. తొమ్మిది దాటితే మేతకు పోయేవి పోతాయి, ఉన్నవి ఎండకు ఆయాసపడుతూ కదలకుండా కూర్చుంటాయి.

అక్కడ ఇనుప స్టాండ్ల మీద గూళ్లు చూసి ఇదేం కృత్రిమం అనుకోవద్దు. వందల పక్షులు ఏళ్ల తరబడి ఒకే చెట్టు మీద రెట్ట వేస్తే ఆ ఘాటుకి ఆకు మాడి చెట్టు చచ్చిపోతుంది. చెట్లు పోయిన చోట అటవీ శాఖ ఈ స్టాండ్లు నిలబెట్టింది. పక్షులు వాటిని స్వీకరించాయి. ఓపిగ్గా ఒక స్టాండు మీదే పది నిమిషాలు చూపు నిలపండి. మిట్టమధ్యాహ్నం తల్లి కొంగ ఎండకు వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి పిల్లల మీద నీడ పడేలా నిలబడుతుంది. సూర్యుడు జరిగే కొద్దీ తనూ జరుగుతుంది. పడవవాణ్ణి “ఇంకా దగ్గరికి పోనీ” అని ఎందుకు తొందరపెట్టకూడదో అప్పుడు అర్థమవుతుంది. తల్లి లేచిపోయిన అయిదు నిమిషాల్లోనే పిల్లకు వడదెబ్బ తగలొచ్చు, కాకో గద్దో గుడ్డు ఎత్తుకుపోవచ్చు.

ప్రశ్న: కొల్లేరు అంటే పెద్ద సరస్సు అని పుస్తకంలో చదివాం. వెళితే ఎటు చూసినా చేపల చెరువుల గట్లే. సరస్సు ఎక్కడుంది?
— గుణదల

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పడిన పళ్లెం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా డజన్ల కొద్దీ మురుగు కాల్వలు వచ్చి అందులో పడతాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే, అది సుమారు 60 కిలోమీటర్లు వంకరటింకరగా పోయి సముద్రంలో కలుస్తుంది. వచ్చే దారులు బోలెడు, పోయే దారి ఒకటి. అందుకే సరస్సు వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. సముద్ర మట్టానికి పదడుగుల ఎత్తు దాకా నీళ్లు నిలిస్తే విస్తీర్ణం సుమారు 901 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల గీత దగ్గర అది 308. జనం నోట వినపడే ‘అయిదో కాంటూరు’ అంటే ఆ అయిదడుగుల గీతే. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది దాని లోపలి భాగాన్నే. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల జాబితాలోనూ చేరింది. ఆ గీత లోపల తవ్విన చెరువుల గట్లను 2006లో పెద్ద ఎత్తున కొట్టేశారు. తర్వాత కొన్నిచోట్ల మళ్లీ లేచాయి. మీరు చూసినవి గీతకు బయటివీ కావచ్చు, లోపలివీ కావచ్చు.

విశాలంగా పరుచుకున్న నీళ్లు చూడాలంటే కొల్లేటికోట వైపు వెళ్లండి. పెద్దింట్లమ్మ గుడి ఉన్న దీవి అది. ఫాల్గుణంలో అమ్మవారి జాతర, ఆ రోజుల్లో దర్శనానికి వెళ్లండి, పిట్టల కోసం కాదు. గట్టుల మధ్య గుర్రపుడెక్క పరుచుకున్న చోట ఆగి చూస్తే, ఆకుల మీద అడుగులు వేసుకుంటూ నడిచే నీలికోళ్లు కనిపిస్తాయి. వేళ్లు అంత పొడవుండబట్టే మునగవు.

ఏలూరు వైపు నుంచి కైకలూరు వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎగువన గట్టి వాన పడితే బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఒకటి రెండు రోజుల ఆలస్యంగా కొల్లేటికి చేరతాయి. మీ ఊళ్లో ఎండ కాస్తూ ఉంటుంది, చినయడ్లగాడి దగ్గర రోడ్డు మీద నీళ్లు పారుతూ ఉంటాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద ఆ తర్వాత చేరింది కొల్లేటికే. వాన వెలిసిన వారం లోపల బయల్దేరేవాళ్లు రోడ్డు సంగతి కనుక్కోకుండా కదలొద్దు.

ప్రశ్న: ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని బోర్డులు, వార్తలు అన్నీ చెబుతాయి. మా అమ్మాయి మాస్టారు కాదన్నారట. ఏది నిజం?
— అరండల్‌పేట, గుంటూరు

మాస్టారి మాటే నిజం. ఆటపాకలో, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు మన దేశపు పక్షులే. ఇక్కడే పుడతాయి, నీళ్లూ చేపలూ ఉన్న చోటుకల్లా ఊళ్లు మారుతూ ఇక్కడే బతుకుతాయి. మామూలుగా ఏ పక్షి అయినా గూడు కట్టిన చోటే దాని సొంతూరు. సైబీరియాలో కాపురం ఉండే పక్షి మన తుమ్మ చెట్టు మీద గుడ్లు పెట్టదు.

చలికాలం గడపడానికి నిజంగా అంత దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. కొల్లేటి నీళ్ల మీద గుంపులుగా తేలే సూదితోక బాతులు అలాంటివి. మధ్య ఆసియా నుంచి వచ్చే గులాబి గోరింకలు మరొకటి, ఒళ్లు లేత గులాబి, తల, రెక్కలు నలుపు. ఇవేవీ ఇక్కడ గూడు కట్టవు, మార్చి, ఏప్రిల్‌కి తిరిగి వెళతాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ‘అతిథులు’ అనుకుంటే ఈ ఏడు రాకపోయినా వచ్చే ఏడు వస్తాయిలే అనిపిస్తుంది. సొంత పక్షులకు ఇక్కడ చెడితే వెళ్లడానికి సైబీరియా లేదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు తాడేపల్లిగూడెం, పెంటపాడు మధ్య ఊళ్ల చెట్ల మీద మూడు వేలకు పైగా గూడబాతులు గూళ్లకు చేరడం చూసి రాశాడు. ఆ రోజుల్లో తెలిసిన వాటిలో అదే అతి పెద్ద గూళ్ల స్థావరం. 1974 ప్రాంతానికి అది పూర్తిగా ఖాళీ అయిపోయింది.

ప్రశ్న: మా హైస్కూలు నుంచి నలభై మంది ఎనిమిదో తరగతి పిల్లల్ని ఉప్పలపాడు తీసుకెళ్దామనుకుంటున్నాం. ఊరికే చూసి రావడం కాకుండా ఏదైనా నేర్చుకునేలా ఎలా చేయాలి?
— ఉపాధ్యాయుడు, పెదకాకాని మండలం

చాలా మంచి ఆలోచన. ఉప్పలపాడు ఊరి చెరువు గుంటూరు నుంచి ఏడెనిమిది కిలోమీటర్లే. నడక తక్కువ, గట్టు మీద నుంచే పక్షులు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి పిల్లలకు ఇంతకంటే అనువైన చోటు ఈ చుట్టుపక్కల లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఒక రోజు పెట్టుకోండి. ముందు మీరొక్కరే వెళ్లి చెరువులో నీళ్లు ఎంతున్నాయో చూసి రండి. చెట్ల మొదళ్ల చుట్టూ నీళ్లున్నంత కాలం కుక్కలు, పిల్లులు గూళ్ల దగ్గరికి రాలేవు, పక్షులు నిబ్బరంగా ఉంటాయి. నీళ్లు ఎండితే గూళ్లు వదిలేస్తాయి.

వేళ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా. డిసెంబరులో సూర్యాస్తమయం 5.40 ప్రాంతంలో. ఆ ముందూ వెనకా ఉన్న నలభై నిమిషాలు మేత నుంచి తిరిగొచ్చే గుంపులతో ఆకాశం నిండిపోతుంది. గులాబి గోరింకలు గుంపుగా వస్తే అవి దిగేది ఆఖర్న. పొగలాగా మెలికలు తిరిగి ఒక్కసారిగా చెట్లలోకి దూకుతాయి. బస్సు డ్రైవరు తొందరపెట్టాడని అయిదింటికే వెనుదిరిగితే వచ్చిన పని సగమే అయినట్టు.

పిల్లల్ని ఎనిమిది మంది చొప్పున అయిదు జట్లు చేయండి. ఒక్కో జట్టుకు ఒక అట్ట, ఒక పెన్సిలు, ఒక వాచీ. మూడు పనులు అప్పజెప్పండి.

మొదటిది లెక్క. కూర్చున్న గుంపును ఒకటి, రెండు అని లెక్కపెట్టబోతే తప్పుతుంది, పక్షులు కదులుతూనే ఉంటాయి. పది పక్షుల్ని జాగ్రత్తగా లెక్కపెట్టి, ఆ పదీ ఎంత చోటు పట్టాయో కంట్లో గుర్తుపెట్టుకోమనండి. చెట్టంతా అలాంటి చోట్లు ఎన్ని పడతాయో చూసి పదితో హెచ్చించాలి. ఒకే చెట్టుకు ముగ్గురు విడివిడిగా లెక్క వేసి, పెద్దదీ చిన్నదీ వదిలి మధ్య అంకె రాసుకోవాలి. మొదటిసారి 60, 110, 200 అని రావడం మామూలే. రెండో చెట్టుకు వచ్చేసరికి అంకెలు దగ్గర పడతాయి. పిల్లలు నేర్చుకునేది అక్కడే.

రెండోది రాకపోకలు. ఒక్కో జట్టు ఒక దిక్కు తీసుకుని, పది నిమిషాలకోసారి అటు నుంచి ఎన్ని వచ్చాయో గీతలు గీయాలి. ఎక్కువ పక్షులు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో తేలాక, అటువైపు ఏ నీళ్లున్నాయో బడికి వెళ్లి పటంలో చూడమనండి.

మూడోది ముక్కులు. గూడబాతుకు సంచి, తెల్ల కంకణం అనే పిట్టకు కొడవలి, నత్తగుల్ల కొంగకు రెండు దవడల మధ్య సందు. ఎర్రకాళ్ల కొంగ ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతుంది, కాలితో బురద కలుపుతుంది, చేప తగలగానే టక్కున మూసేస్తుంది. చేపను కంటితో చూడాల్సిన పని లేదు. ఒకే చెరువులో ఇన్ని జాతులు ఎలా సర్దుకుంటున్నాయన్నదానికి జవాబు ఆ ముక్కుల్లోనే ఉంది. బొమ్మ గీయిస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: ఈలలు, చప్పట్లు కొడితే పక్షులు లేస్తాయి, బెదిరిన పిల్ల పక్షులు మింగిన చేపను కక్కేస్తాయి, ఆ పూటకు వాటికి పస్తే. మరమరాలు, చిప్స్ విసరనివ్వకండి. తెల్ల చొక్కాలు, మెరిసే బట్టలు వద్దు, యూనిఫాం ముదురు రంగైతే సరిపోతుంది. వాసన ఘాటుగా ఉంటుందని ముందే చెబితే ముక్కులు మూసుకుని నవ్వుకోవడం తగ్గుతుంది. ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని కూడా చెప్పండి. మనిషికో లీటరు నీళ్లు, బాత్‌రూమ్ పని బడిలోనే పూర్తి, చీకటి పడ్డాక బస్సెక్కే ముందు తలలు లెక్కపెట్టడం, ఇవి మీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: బైనాక్యులర్స్ కొనాలనుకుంటున్నాను. షాపులో 20, 30 రెట్లు చూపించేవి ఉన్నాయి. ఎక్కువ రెట్లుంటే మంచిదేనా?
— మంగళగిరి

కాదు. దాని మీద ఉండే రెండు అంకెలూ చూడాలి. 8×42 అంటే ఎనిమిది రెట్లు, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు చుక్క వెడల్పు తెలుస్తుంది. 42ను 8తో భాగిస్తే 5 మిల్లీమీటర్ల పైన. తెల్లవారుజామున మన కంటి పాప కూడా దాదాపు అంతే తెరుచుకుంటుంది కాబట్టి బొమ్మ వెలుగ్గా కనిపిస్తుంది. జేబులో పట్టే 10×25కి అది రెండున్నరే. పిట్టలు బాగా కదిలే వేళకే అందులో మసక. ఇక ఇరవై రెట్లది చేత్తో పట్టుకుంటే మీ చేతి వణుకు కూడా ఇరవై రెట్లవుతుంది, పడవలో అయితే అసలు నిలవదు. 8×42 తీసుకోండి, మెడకు బరువనిపిస్తే 8×32.

కొన్న రోజే సరిచేసుకోవాలి. ముందు రెండు గొట్టాలనూ దగ్గరికీ దూరానికీ మడిచి, రెండు గుండ్రాలు కలిసి ఒకటయ్యేలా చూడండి. కుడి అద్దం మూసి, దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు ఎడమ కంటికి స్పష్టమయ్యేదాకా మధ్య చక్రం తిప్పండి. తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గర ఉండే రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేయండి. ఆ రింగును ఇంక కదపొద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను కిందికి దించుకోవాలి, లేకపోతే గొట్టంలోంచి చూసినట్టే ఉంటుంది.

ఒకటే వస్తువు రెండుగా కనిపించి తలనొప్పి వస్తోందంటే లోపలి పట్టకాలు పక్కకు జరిగాయన్నమాట. కింద పడితే అలా అవుతుంది, ఇంట్లో విప్పితే బాగుపడదు. మన డెల్టా తేమకు ఇంకో బెడద బూజు. తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేస్తే రెండు వానాకాలాల్లో అద్దం లోపల సాలెగూడు లాంటి తెల్ల గీతలు పడతాయి. గాలి దూరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి పెట్టండి. పొట్లాలను ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ప్రశ్న: అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. గుంటూరు నుంచి వాళ్లను తీసుకెళ్లగలిగే చోటు?
— కొరిటెపాడు, గుంటూరు

కొండవీడు. ఘాట్ రోడ్డు పడ్డాక కారు కొండ పైదాకా వెళుతోంది. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడున్నాయి. రెడ్డిరాజుల కాలంలో కోటలో ఉన్నవాళ్లకు తాగునీరు అవే. మధ్యాహ్నం మూడింటికి పైకి చేరి, గట్టున నీడలో కూర్చుని, వెలుగుండగానే దిగేయండి. వానలు పోయిన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెరువులు నిండుగా, కొండ పచ్చగా ఉంటుంది. తినే సంచి చేతిలో పట్టుకుని తిరగకండి, కోతులుంటాయి. మందులు, మంచినీళ్లు కింది నుంచే పట్టుకెళ్లండి.

ప్రశ్న: మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకి ఏప్రిల్‌లో వెళ్లాం, ఒక్కటీ లేదు. మూసేశారా?
— భవానీపురం

సీతాకోకచిలుకలను ఎవరూ తెచ్చి పెట్టరు కదండీ. మూలపాడు కొండపల్లి అడవిలో ఒక భాగం. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి పెరిగేది కూడా ఈ అడవిలోనే. ఆకు రాల్చే అడవి కాబట్టి ఏప్రిల్‌కి లేత ఆకు ఉండదు, గొంగళిపురుగుకు తిండి లేదు. వానలు పడి నెల దాటాక, ఆగస్టు చివరి నుంచి డిసెంబరు దాకా వెళ్లండి. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు మధ్య, ఎండ ఉన్న రోజు. మబ్బుగా ఉంటే ఒంట్లో వేడి చాలక రెక్కలు ముడిచి ఆకుల కింద ఉండిపోతాయి.

పూల కన్నా తడి నేల మీద చూపు ఉంచండి. వాగు పక్కన చెమ్మ మట్టి మీద పదీ ఇరవై ఒకేచోట వాలి ఉంటాయి. అవి ఎక్కువగా మగవి, మట్టిలోని లవణాలు పీల్చుకుంటాయి. ఆ గుంపు కనపడగానే పరిగెత్తకండి. నాలుగడుగుల దూరంలో కూర్చుని, మీ నీడ వాటి మీద పడకుండా చూసుకుంటే ఎంతసేపైనా ఉంటాయి.

ఏప్రిల్‌లో చూడాలని ఉంటే మీ కరివేపాకు మొక్కే చూడండి, రోజూ నీళ్లు పోస్తారు కాబట్టి లేత ఆకు ఉంటుంది. ఆకు మీద పిట్ట రెట్టలాంటి నలుపు తెలుపు మచ్చ కదిలితే అది గొంగళిపురుగు. రెట్ట అనుకుని పిట్టలు వదిలేస్తాయని ఆ వేషం. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. మందు కొట్టకుండా నెల రోజులు ఓర్చుకుంటే, గుడ్డు నుంచి నల్ల రెక్కల సీతాకోకచిలుక దాకా అంతా బాల్కనీలోనే చూడొచ్చు. మొక్క మళ్లీ చిగురిస్తుంది.

ప్రశ్న: భవానీ ద్వీపానికి పడవలో వెళ్లాలంటే భయం. పిల్లలు వినడం లేదు. ఏం చూసుకోవాలి?
— పటమట

భయం తప్పు కాదు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. నాలుగు సంగతులు చూసుకుని నిశ్చింతగా ఎక్కండి.

ఘాట్‌కి బయల్దేరే ముందే ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం ఎంతో వార్తల్లో చూడండి. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. కానీ హెచ్చరిక దాకా ఆగక్కర్లేదు. గేట్లు ఎత్తి నీళ్లు వదులుతున్న రోజున పడవ ప్రయాణం మానుకోండి, పైకి నిశ్చలంగా కనిపించినా లోపల లాగుడు ఉంటుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షలు దాటి వచ్చినప్పుడు ద్వీపం మొత్తం మునిగింది.

లైఫ్ జాకెట్ భుజాన వేసుకుంటే చాలదు. బకిల్స్ అన్నీ పెట్టి పట్టీలు బిగించాక, పిల్లవాడి భుజాల దగ్గర జాకెట్టు పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది వదులు, నీళ్లలో జారిపోతుంది, చిన్న సైజు అడగండి. అది లేదంటే ఆ పడవ వద్దు. ఎంతమంది ఎక్కొచ్చో పడవ మీద రాసి ఉంటుంది, మీ ముందు ఎక్కినవాళ్లను లెక్కపెట్టండి. నది మధ్యలో ఫొటో కోసం అందరూ ఒకవైపుకి లేవడం పడవను ఒరిగించే పని. చివరి పడవ ఎన్నింటికో దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: హంసలదీవి దగ్గర మడ అడవి చూడాలని ఉంది. కుర్రాళ్లు కారుతో ఇసుకలోకి పోదామంటున్నారు.
— తెనాలి

కారు రోడ్డు మీదే ఉంచండి. అక్కడి ఇసుక పైకి గట్టిగా కనిపించినా కింద చెమ్మగా ఉంటుంది, చక్రం తిరిగిన కొద్దీ దిగబడుతుంది. ఆ తర్వాత పోటు వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో ఒక్కో గుంతకు వంద దాకా గుడ్లు పెడతాయి కూడా. చక్రం కింద ఏముందో మీకు కనపడదు. రాత్రిపూట ఉంటే తెల్ల టార్చి వెలిగించొద్దు. పిల్ల తాబేలు వెలుగున్న వైపే సముద్రమనుకుని నడుస్తుంది.

మడ అడవికి పంచాంగం చూసుకుని వెళ్లాలి. రోజుకు రెండు పోట్లు (నీళ్లు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్లు తీయడం). ప్రతి రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తగ్గుతుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. బురద మీద జీవాలు చూడాలంటే అమావాస్య లేదా పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులకు, నీళ్లు తీసే గంటల్లో వెళ్లండి. పడవలో కాలవల్లోకి పోవాలంటే దానికి వ్యతిరేకంగా, పోటు వేళ. ఆ రోజు పోటు ఎన్నింటికో నాగాయలంక వైపు జాలర్లను అడిగితే గడియారం చూడకుండా చెబుతారు. అడవిలోకి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. దాదాపు 195 చదరపు కిలోమీటర్ల కృష్ణా అభయారణ్యం అది.

నీళ్లు తీశాక తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి నిలబడి ఉంటాయి. బురదలో గాలి ఉండదు, చెట్టు ఊపిరి పీల్చుకునేది వాటితోనే, తొక్కకండి. వాటి మధ్య వేలి గోరంత పీతలు కనిపిస్తాయి. మగదానికి ఒక డెక్క ఒంటికి మించిన సైజు, దాన్ని ఎత్తి దించుతూ ఆడపీతను పిలుస్తుంది. మీ అడుగు చప్పుడుకు అన్నీ ఒకేసారి బొరియల్లో మాయమవుతాయి. కదలకుండా ఓ అయిదు నిమిషాలు నిలబడితే ఒక్కొక్కటీ తిరిగొస్తాయి. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవొద్దు. దాని పాలు కంట్లో పడితే భరించలేని మంట, చూపుకే ముప్పు. బావురుపిల్లి కనపడుతుందని ఆశ పెట్టుకోకండి, అది రాత్రి జీవి. బురదలో దాని పాదముద్ర దొరికితే అదృష్టం. నది సముద్రంలో కలిసే మొనలో ఈతకు దిగకండి, పాటు వేళ నీళ్లు సముద్రంలోకి లాగుతాయి.

ప్రశ్న: గూటిలోంచి పడిన కొంగపిల్ల దొరికితే ఇంటికి తెచ్చి పెంచొచ్చా?
— పొన్నూరు

తేకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా మీ ఇంట్లో అది బతకదు. నోట్లో నీళ్లు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిండీ పెట్టకండి. వెనక నుంచి తువ్వాలు కప్పి, రెక్కలు ఒంటికి ఆన్చి ఎత్తండి. కొంగ ముక్కు ముందుగా వెళ్లేది మనిషి కంటికే కాబట్టి దాని తలను మీ ముఖానికి దూరంగా పట్టుకోండి. గాలికి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, అడుగున గుడ్డ వేసి, మూత పెట్టి చీకటిగా, నీడన ఉంచండి. అక్కడి అటవీ సిబ్బందికి అప్పగించండి.

సంక్రాంతి రోజుల్లో గాలిపటం దారం చుట్టుకున్న పక్షి దొరికితే దారం లాగొద్దు, లాగితే రెక్క లోపలికి కోసుకుపోతుంది. రెండు వైపులా కత్తెరతో కత్తిరించి, ఒంట్లో దిగిన ముక్కను అలాగే వదిలేసి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.